ఫ్రాంకింగ్ యంత్రం నమూనా: ప్లగ్ పీకితే రిజిస్టర్ల లెక్క తప్పుతోంది

ప్రాజెక్టు విద్యార్థి:
అందరికీ నమస్కారం. చదువులో భాగంగా ఎలక్ట్రానిక్ తపాలా మీటరు (కవర్ల మీద స్టాంపుకు బదులు తపాలా రుసుము ముద్ర వేసే ఫ్రాంకింగ్ యంత్రం) నమూనా ఒకటి తయారుచేస్తున్నాను. అన్నిటినీ నడిపే ఒక మైక్రోకంట్రోలర్, చిన్న ప్రింటర్, లెక్క దాచే మెమరీగా ఒక ఈఈప్రామ్ చిప్, అంతే. ముద్ర పడిన ప్రతిసారీ అసెండింగ్ రిజిస్టర్‌లో వాడిన మొత్తం పెరగాలి, డిసెండింగ్ రిజిస్టర్‌లో మిగిలిన నిల్వ అంతే తగ్గాలి. మామూలుగా బాగానే నడుస్తోంది. ముద్రలు వేస్తుండగా ప్లగ్ పీకితే మాత్రం ఒక్కోసారి లెక్క తప్పుతోంది. చివరిసారి తెర మీద కనిపించినవి 48,255, 1,750. రెండూ కలిపితే నేను నింపిన మొత్తం 50,000 రావాలి, 50,005 వస్తోంది. చిప్‌కు బ్యాటరీ పెడితే సరిపోతుందా?

పాత మెకానిక్:
ఈఈప్రామ్‌కు బ్యాటరీ ఎందుకండీ? కరెంటు లేకపోయినా అందులో రాసింది చెరిగిపోదు. బ్యాటరీ కావలసింది సీమాస్ ర్యామ్‌కు, అది కరెంటు పోతే అన్నీ మరచిపోయే మెమరీ. పాత మీటర్లలో లిథియం బ్యాటరీ ఉండేది దానికోసమే.

ఫర్మ్‌వేర్ పనివాడు:
మీ అంకెలే అసలు సంగతి చెబుతున్నాయి. తేడా సరిగ్గా 5. అంటే 5 విలువగల ముద్ర వేస్తున్నప్పుడు అసెండింగ్ రిజిస్టర్ రాయడం పూర్తయింది, డిసెండింగ్ రాసేలోపు కరెంటు పోయింది. చిప్ ఏమీ మరచిపోలేదు, మీరు సగం రాసిన దాన్ని భద్రంగా దాచిపెట్టింది. నిల్వ ఉన్న డేటా గురించి ఎంత బెంగపెట్టుకున్నా, నూటికి తొంభై పాళ్లు అది చెడేది రాసే క్షణంలోనే. కాబట్టి ఆ క్షణానికి కాపలా పెట్టండి.

మొదటిది, రెండు రిజిస్టర్లనూ విడివిడిగా రాయకండి. రెండు విలువలు, ముద్రల సంఖ్య, ఒక వరుస సంఖ్య, చివర సీఆర్‌సీ (రాసింది చెడిందో లేదో పట్టిచ్చే తనిఖీ సంఖ్య) కలిపి ఒకే రికార్డుగా చేయండి. దాన్ని పాత రికార్డు మీద కాకుండా మెమరీలో పక్క గదిలో రాయండి. మధ్యలో కరెంటు పోతే కొత్తదాని సీఆర్‌సీ సరిపోదు; యంత్రం మళ్లీ లేచినప్పుడు దాన్ని పక్కన పెట్టి, సరిగ్గా ఉన్నవాటిలో పెద్ద వరుస సంఖ్య ఉన్నదాన్ని తీసుకుంటుంది. పాతది చెక్కుచెదరకుండా ఉంటుంది.

రెండవది క్రమం. ముందు లెక్క రాయాలి, తర్వాతే ముద్ర వేయాలి. మధ్యలో కరెంటు పోతే వాడకందారుకు ఒక్క ముద్ర విలువ నష్టం, దాన్ని అడిగి తిరిగి తెచ్చుకోవచ్చు. తిరగేసి చేస్తే లెక్కలోకి రాని ఉచిత ముద్ర పడుతుంది, నష్టం తపాలా శాఖకు. అలాంటి యంత్రానికి ఏ తపాలా శాఖా అనుమతి ఇవ్వదు.

ప్రాజెక్టు విద్యార్థి:
ఇది బాగుంది. కానీ కరెంటు పోతున్నట్టు ముందే తెలిస్తే రాతను పూర్తిచేయవచ్చు కదా?

ఫర్మ్‌వేర్ పనివాడు:
అదీ చేయాలి. వోల్టేజీని గమనించే చోటులో చాలామంది పొరబడతారు. రెగ్యులేటర్ (వోల్టేజీని 5 దగ్గర నిలకడగా ఉంచే భాగం) తర్వాత 5 వోల్టుల దగ్గర చూస్తే, అది తగ్గడం మొదలయ్యేసరికి మీకు మిగిలే సమయం శూన్యం. రెగ్యులేటర్‌కు ముందున్న 12 వోల్టుల దగ్గర చూడండి. అక్కడ కాస్త విద్యుత్తును నిల్వ ఉంచే 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఉండి, బోర్డు 50 మిల్లీఆంపియర్లు లాగుతుంటే, 12 నుంచి 7 వోల్టులకు దిగడానికి దాదాపు 47 మిల్లీసెకన్లు పడుతుంది. ఈఈప్రామ్‌లో ఒక రాతకు సాధారణంగా 5 మిల్లీసెకన్లు చాలు. హెచ్చరిక రాగానే మోటారునూ ప్రింటర్ హెడ్డునూ మాత్రం ముందు ఆపేయాలి, లేకపోతే ఆ కెపాసిటర్‌ను అవే ఊడ్చేస్తాయి.

ఇంకొకటి. వోల్టేజీ పడిపోతున్నప్పుడు, తిరిగి లేస్తున్నప్పుడు ప్రాసెసర్ ఏం చేస్తుందో దానికే తెలియదు. పిచ్చెక్కినట్టు ఏదో ఒక చిరునామాలో ఏదో ఒకటి రాసేయగలదు. అందుకే మెమరీలో రాయడానికి అనుమతి ఇచ్చే గీతను (తీగను), వోల్టేజీ చాలనప్పుడు ప్రాసెసర్‌ను ఆపి ఉంచే రీసెట్ సర్క్యూట్ చేతిలో పెట్టాలి. వోల్టేజీ నిలకడగా లేనంతసేపు సాఫ్ట్‌వేర్ ఎంత అరిచినా రాత తలుపు తెరుచుకోకూడదు. నిలకడగా ఉన్నప్పుడు కూడా అవసరమైన కొన్ని మిల్లీసెకన్లు మాత్రమే తెరిచి, వెంటనే మూసేయాలి.

కొత్త సభ్యురాలు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. ఒకే డేటాను రెండు చిప్‌లలో పెడితే ఈ తిప్పలన్నీ తప్పిపోతాయి కదా?

ఫర్మ్‌వేర్ పనివాడు:
పెట్టాలండీ, కానీ ఎలా పెడతారన్నదే ముఖ్యం. రెండూ ఒకే రకం చిప్‌లై, ఒకే గీతల మీద ఉండి, ఒకే లూప్ రెండింటినీ రాస్తే, దారి తప్పిన ప్రోగ్రామ్ రెండింటినీ ఒకేలా పాడుచేస్తుంది. ఒకటి బ్యాటరీ ఉన్న ర్యామ్, మరొకటి ఈఈప్రామ్ అయితే ఒకదాన్ని చెడగొట్టే కారణం రెండోదాని జోలికి అంత తేలికగా పోదు. రాత అనుమతి గీతలు కూడా వేరువేరుగా ఉండాలి. రెండు ప్రతులు ఏకీభవించకపోతే ఏది నిజమో పోలికతో తేలదు. సీఆర్‌సీ, వరుస సంఖ్య, ఆ తర్వాత రెండు రిజిస్టర్ల మొత్తం చూడాలి. నిల్వ నింపినప్పుడు తప్ప ఆ మొత్తం మారకూడదు. అప్పటికీ తేలకపోతే యంత్రం తాళం వేసుకోవాలి, ఊహించి ముద్రలు వేయకూడదు.

పాత మెకానిక్:
తమ్ముడూ, చిప్ ఆయుష్షు సంగతి ఎవరూ చెప్పలేదు. లక్ష రాతలు తట్టుకునే ఈఈప్రామ్ మీద రోజుకు 2,000 ముద్రలు ఒకే చోట రాస్తే 50 రోజుల్లో ఆ గది అరిగిపోతుంది. పక్క గదులకు జరుగుతూ 64 గదులు చుట్టి వస్తే 3,200 రోజులు. అంటే తొమ్మిదేళ్లకు కాస్త తక్కువ. డబ్బు పెట్టగలిగితే ఎఫ్‌ర్యామ్ కొనుక్కోండి, అదీ కరెంటు లేకపోయినా మరచిపోని మెమరీయే. అది వెయ్యి కోట్ల రాతలకు పైగా తట్టుకుంటుంది, రాతకు ఆగాల్సిన పనీ ఉండదు.

ఆఫీసు గుమస్తా:
మా ఆఫీసు మీటరు మెమరీ లోపం అని చూపించి ఆగిపోయింది. బ్యాటరీ తీసి మళ్లీ పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు.

పాత మెకానిక్:
ఆ పని చేయకండి! బ్యాటరీతో బతికే మెమరీ అయితే మిగిలి ఉన్న ఆధారం కూడా పోతుంది. మీటరును మళ్లీ మళ్లీ ఆపి ఆన్ చేయడం కూడా వద్దు. తెర మీద రిజిస్టర్లు ఇంకా కనిపిస్తుంటే రాసుకోండి, చివరి రిజిస్టర్ల నివేదిక కాగితం ఉంటే పక్కన పెట్టండి, అధీకృత సర్వీసుకు ఫోను చేయండి. నింపిన మొత్తం సర్వీసు వారి లెక్కలోనూ ఉంటుంది కాబట్టి నిల్వ తేల్చడానికి దారి దొరుకుతుంది. మూత మాత్రం మీరు విప్పకూడదు. అమెరికాలో అయితే ఈ మీటర్లు అద్దెకే ఇస్తారు, అమ్మరు. కొత్త యంత్రాల్లో తెరిచినట్టు పసిగడితే లోపల దాచిన రహస్య సంకేత సంఖ్యలను (కీలను) తానే చెరిపేసుకునే ఏర్పాటు కూడా ఉంటుంది.

ప్రాజెక్టు విద్యార్థి:
అందరికీ ధన్యవాదాలు. రికార్డు పద్ధతికి మారుతున్నాను. సరిగ్గా పనిచేస్తోందని ఎలా నిర్ధారించుకోవాలి? ఎన్నిసార్లని ప్లగ్ పీకను?

ఫర్మ్‌వేర్ పనివాడు:
మీరు పీకకండి, రిలేతో (విద్యుత్తుతో నడిచే స్విచ్‌తో) పీకించండి. ఇంకొక మైక్రోకంట్రోలర్ పెట్టి, ముద్ర ఆజ్ఞ ఇచ్చిన తర్వాత 0 నుంచి 60 మిల్లీసెకన్లలో ఎప్పుడో ఒకప్పుడు కరెంటు కోయమనండి. యంత్రం లేచిన ప్రతిసారీ రెండు రిజిస్టర్ల మొత్తం చదివి, ముందటి దానితో సరిచూసి నమోదు చేయించండి. రాత్రంతా వదిలేస్తే కొన్ని వేల కోతలు అవుతాయి. తప్పు వచ్చిన చోట కోత ఎన్నో మిల్లీసెకనులో పడిందో కూడా రాయించండి, లోపం ఏ అడుగులో ఉందో దాన్నిబట్టి దొరుకుతుంది.