పోర్ట్ లూయిస్‌లో ఒక్క పూట: ఎటు వెళ్లాలి?

నేను డెక్ క్యాడెట్‌ను, అంటే ఓడ అధికారి కావడానికి శిక్షణ పొందుతున్నవాణ్ణి. డీఎన్ఎస్ (డిప్లొమా ఇన్ నాటికల్ సైన్స్) చదువులో భాగమైన 18 నెలల సముద్ర శిక్షణలో ఉన్నాను. తెల్లవారుజామున నాలుగింటికే చీఫ్ ఆఫీసర్ పక్కన వాచ్ (ఓడ నడిపే చోట కాపలా డ్యూటీ), ఎండెక్కాక డెక్ మీద తుప్పు గీకడం, రాత్రి కళ్లు మూతలు పడుతుంటే శిక్షణ రికార్డు పుస్తకం నింపడం. నిద్ర సంగతి అడగకండి.

ఓడ త్వరలో మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ చేరుతుంది. ఒక పూట ఒడ్డుకు దిగనిస్తారట. ఒకప్పుడు ఒప్పంద కూలీలు ఓడ దిగిన ఆప్రవాసీ ఘాట్ రేవుకు దగ్గరే కదా. ఆ 16 రాతిమెట్లు ఎక్కిన ఒప్పంద కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు, అది మాత్రం వదలను. ఆ తర్వాత అక్కడి తెలుగువారి గుడి ఏదైనా చూసి వేళకు ఓడెక్కగలనా? షోర్ పాస్‌తో (ఒడ్డుకు దిగే అనుమతి పత్రం) పాటు సీడీసీ (నావికుడి గుర్తింపు, సర్వీసు పుస్తకం) కూడా వెంట ఉండాలా? గేటు దగ్గర టాక్సీవాళ్లతో బేరం కుదురుతుందా? అక్కడ దిగినవారు దయచేసి చెప్పండి.