బీటీ పత్తి చెక్క తిన్న ఎనుము పాలు పాపకు పట్టొచ్చా?

ఆదోని కోడలు:
మాది ఆదోని పక్కన పల్లె. నాలుగెకరాల పత్తి, అంతా బీటీనే, అంటే పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన విత్తనం. గింజల్లో నూనె తీయగా మిగిలే పత్తి చెక్కను రెండు ఎనుములకు నానబెట్టి పెడతాం. పాలు ఇంట్లోకే, పాపకు రెండేళ్లు. మొన్న మా ఆడబిడ్డ ఫోన్లో వీడియో చూపించి, "పురుగే చచ్చే పంట, ఆ చెక్క తిన్న ఎనుము పాలు బిడ్డకు పడతారా" అంది. ఆ రాత్రి గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఆడలేదు. అంగడి నూనెలో కూడా పత్తి నూనె కలుస్తుందంటారు. హైబ్రిడ్ టమోటా, వంకాయ కూడా ఇట్లాంటివేనా? చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్లు చెప్పండి.

ఎమ్మిగనూరు రైతు:
అక్కా, హైబ్రిడ్ వేరు, జన్యుమార్పిడి వేరు. ఒక రకం పుప్పొడిని ఇంకో రకం పువ్వుకు అంటించి తీసింది హైబ్రిడ్. బీటీ వంకాయను 2010లోనే కేంద్రం ఆపేసింది. మన దేశంలో రైతు సాగు చేయడానికి వచ్చింది పత్తి ఒక్కటే, అదీ 2002లో. నా భయం వేరే. గడ్డి మందు తట్టుకునే పత్తి అని అనుమతి లేని విత్తనాలు లూజుగా అమ్ముతున్నారు. అవి వేస్తే పైరు మీదనే గ్లైఫోసేట్ అనే గడ్డి మందు కొడతారు. దానివల్ల క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం చెప్పింది. మందు కొట్టేది మన ఇంటి మనుషులే కదా.

బుడ్డల మిల్లు, అనంతపురం:
అమ్మా, ఇరవై రెండేళ్లు బుడ్డల (వేరుశనగ) మిల్లులో సరుకు చూసే పని చేశాను. నాకు తెలిసింది చెప్తాను. బీటీ పత్తిలో పురుగును చంపే ప్రొటీన్ పనిచేసేది కాయతొలిచే పురుగు కడుపులో. అక్కడ క్షారం ఉంటుంది, ఆ ప్రొటీన్ అతుక్కునే చోటు ఉంటుంది. మన కడుపులో ఉండేది ఆమ్లం, అతుక్కునే చోటూ లేదు. మిగతా ప్రొటీన్ లాగే అరిగిపోతుంది. రిఫైన్ చేసిన నూనెలో ప్రొటీనే మిగలదు. కానీ ఊరి గానుగలో పత్తి నూనె ఆడించుకోవద్దు. పత్తి గింజలో గాసిపాల్ అనే విషం పుట్టుకతోనే ఉంది, బీటీ రాకముందూ ఉంది. అది రిఫైన్ చేస్తేనే పోతుంది. దూడలకు కూడా ఆ చెక్క పెట్టకండి. పెద్ద ఎనుములు తట్టుకుంటాయి, అవి తట్టుకోలేవు.

నేను నిజంగా భయపడేది బూజుకు. పైరు ఆఖర్లో వాన తప్పినా, తడి ఆరకుండా మూట కట్టినా బుడ్డల్లో, చెక్కలో ఆకుపచ్చ బూజు పడుతుంది. దాని నుంచి అఫ్లాటాక్సిన్ వస్తుంది, అది కాలేయ క్యాన్సర్ తెస్తుందని రుజువైంది. వేయించినా పూర్తిగా పోదు. యూరప్‌లో నేరుగా తినే బుడ్డల్లో కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే తీసుకోరు. అట్లా తిరిగొచ్చిన లోడ్లు నా కళ్లతో చూశాను. బూజు చెక్క తింటే ఆ విషం పాలలోకి దిగుతుంది. మూట అడుగున చెయ్యి పెట్టి చూడండి. ఉగ్గానిలోకి వేసే బుడ్డలు కూడా ముడుచుకున్నవి, రంగు మారినవి ఏరేయండి. పాప నోట్లోకి ఒక్కటీ పోకూడదు.

ఆదోని కోడలు:
అన్నా, పొద్దున్నే మూట బోర్లించి చూశాను. కొట్టం గోడకు ఆనించిన వైపు చెక్క గడ్డలు కట్టి, ఆకుపచ్చగా ఉంది. వాన నీళ్లు అక్కడే దిగుతాయి. గుంత తీసి అంతా పూడ్చేశాం. ఇప్పుడు పాలు ఎన్ని రోజులు ఆపాలి?

బుడ్డల మిల్లు, అనంతపురం:
మంచి పని చేశావమ్మా. ఆ చెక్క ఆపితే మూడు నాలుగు రోజుల్లో పాలలో తగ్గిపోతుంది. పాపకు మాత్రం ఒక వారం ఆగు. ఈసారి మూటలు కట్టెల మీద పెట్టండి, గోడకు జానెడు ఎడంగా.