అప్‌డేట్: ఆ ఎర్ర పుట్టగొడుగు అమనిటా కాదు

పోయిన వారం అడవిలో కనిపించిన ఎర్ర పుట్టగొడుగు ఏమిటని ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా. వానకు తెల్లమచ్చలు కడుక్కుపోయిన అమనిటా మస్కారియా (ఎర్ర గొడుగు మీద తెల్లమచ్చలుండే విషపు పుట్టగొడుగు) అని నా అనుమానం. మీరు చెప్పినట్టే కాడను మొదలంటా తవ్వి తీశాను. అమనిటా కాడకు ఉండే ఉంగరం లేదు, అడుగున ఉబ్బూ లేదు. విరిస్తే పీచు రాకుండా సుద్దముక్కలా టప్పున విరిగింది! సగం సందేహం ఆ చప్పుడుతోనే తీరింది. ఈ పెళుసుదనం రుస్సులా కుటుంబం లక్షణమట. కండలో గుండ్రటి కణాలు గుంపులుగా ఉండటమే కారణం. గొడుగు అడుగున ఉండే రేకులను గీరితే పాలు కారలేదు కాబట్టి, అదే కుటుంబంలో పాలు కారే లాక్టేరియస్ కూడా కాకపోవచ్చు.

రేకులు కిందికి ఉండేలా గాజుపలక మీద పెట్టి, గిన్నె మూసి రాత్రంతా వదిలేశాను. తెల్లారేసరికి గీతలు గీతలుగా తెల్లటి సిద్ధబీజాల (విత్తనాల్లా పనిచేసే సన్నటి పొడి) ముద్ర. చూడముచ్చటగా ఉంది గానీ అమనిటా ముద్ర కూడా తెల్లనే, దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ప్రజాతి రుస్సులా, అంతవరకు ఖాయం. జాతి ఎమెటికా (కారంగా ఉండే ఎర్ర రుస్సులా) అనాలని మనసు లాగుతోంది. కానీ ఎర్ర రుస్సులాలు బోలెడు, పైగా వానకు రంగు వెలుస్తుంది. బీజాల మీది బుడిపెలను మెల్జర్ ద్రావణం (బుడిపెలకు ముదురు రంగు పట్టించే అయోడిన్ ద్రావణం) వేసి మైక్రోస్కోపులో చూడాలి. అప్పటిదాకా డబ్బా మీద ‘రుస్సులా, జాతి తేలలేదు’ అని రాసి పెట్టాను. కొంచెం కొరికి ఉమ్మేసి కారం చూడమన్న సలహా మాత్రం పాటించలేదు, ధైర్యం చాలలేదు.