దేవుడు క్షమించాక మనిషి దగ్గరికీ వెళ్ళాలా?

మారతహళ్ళి తమ్ముడు:
అందరికీ వందనాలు. 2013లో బెంగళూరులో పీజీ హాస్టల్లో ఉన్నప్పుడు రూమ్‌మేట్ బ్యాగులోంచి 18,000 తీశాను. అనుమానం వంటింట్లో పనిచేసే కుర్రాడి మీద పడింది. వాణ్ణి కొట్టి, జీతం ఇవ్వకుండా పంపించేశారు. నేను మెట్ల మీద నిలబడి చూశాను. రెండేళ్ళ క్రితం రక్షణ పొందాను, బాప్తిస్మం తీసుకున్నాను, దేవుడి ముందు అంతా ఒప్పుకున్నాను. రూమ్‌మేట్ డబ్బు కూడా తిరిగి పంపేశాను. అయినా ప్రార్థనకి కళ్ళు మూస్తే ఆ కుర్రాడి మొహమే కనిపిస్తోంది. ఇప్పుడు అతన్ని కూడా వెతకాలా?

కృపాసాక్షి:
అక్కర్లేదు బ్రదర్. మన పాపాలన్నిటినీ సముద్రపు అగాధంలో పడేస్తాడని మీకా 7:19లో ఉంది. ఆయన పడేసినదాన్ని మీరు వల వేసి లాగడం దేనికి? నీకే, కేవలం నీకే విరోధంగా పాపం చేశానని దావీదు 51వ కీర్తనలో అన్నాడు. మనల్ని రక్షించేది కృప, క్రియలు కాదు. ఈ టెన్షన్ సాతాను పెట్టేది, లొంగకండి.

పెరంబూరు అక్క:
నేను ఒప్పుకోను. దావీదు ఎవరి భార్యని తీసుకున్నాడో ఆ ఊరియా, ఆ మాట అనేనాటికి లేడు, దావీదే చంపించాడు. కాళ్ళు పట్టుకుందామన్నా మనిషి లేడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానని పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్నాకే, ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందన్నాడు యేసు. బలిపీఠం దగ్గర ఉండగా మనమీద ఎవరికైనా విరోధం ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడమన్నదీ ఆయనే (మత్తయి 5).

ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, నేను ఆ కుర్రాడి వైపు మనిషిని. మా నాన్న చెన్నైలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాసేవారు. 2005లో క్యాష్ తగ్గిందని దొంగతనం అంటగట్టి తీసేశారు. నాన్న 2016లో పోయారు. 2019లో ఆ కొట్లోనే పనిచేసిన ఒకాయన మా ఇంటికొచ్చి, తీసింది తనేనని అమ్మ ముందు ఏడ్చాడు. అమ్మ అప్పుడే క్షమించింది. నాకు చాలా నెలలు పట్టింది. అదేదో మూడేళ్ళ ముందు వచ్చుంటే నాన్న విని ఉండేవారు. ఆ పదకొండేళ్ళూ ఆయన మందిరంలో చివరి బెంచీలోనే కూర్చున్నారు.

శివాజీనగర్ నుంచి:
మేం కతోలికులం. పాపసంకీర్తనంలో, అంటే ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకున్నప్పుడు, ఆయన పాపవిమోచనం ఇచ్చినా, చేసిన నష్టం సరిదిద్దే బాధ్యత మిగిలే ఉంటుంది. దొంగిలించింది తిరిగివ్వడం, పోగొట్టిన పరువు నిలబెట్టడం, రెండూ మా సభ బోధల గ్రంథం సత్యోపదేశం 1459వ పేరాలో ఉన్నాయి. మీరు మొదటిది చేశారు.

కృపాసాక్షి:
అక్కా, నాన్నగారి సంగతి చదివి చాలా బాధేసింది. కానీ ఆ కుర్రాడు క్షమించనంటే? తమ్ముడు మళ్ళీ కుంగిపోడా?

పెరంబూరు అక్క:
క్షమించకపోవచ్చు, అది అతని ఇష్టం. దొంగ అన్న పేరు మాత్రం అతని మీద నుంచి దిగాలి. తమ్ముడూ, ముందు ఆ పీజీ ఓనరుకి చెప్పు.

మారతహళ్ళి తమ్ముడు:
నిన్న రాత్రి ఫోన్ చేసి చెప్పాను అక్కా. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, కుర్రాడిది పలమనేరు దగ్గర పల్లె అని చెప్పి వాళ్ళ మామ నంబరు ఇచ్చారు. శనివారం పొద్దున బస్సుకి వెళ్తున్నాను. అప్పట్లో అతని నెల జీతం ఎంతో కూడా అడిగి రాసుకున్నాను.