సేనాధిపతుల ప్రసంగాల్లో రూపకాలు: యుద్ధమే విషయమైనప్పుడు పోలిక ఎక్కడి నుంచి వస్తుంది?

ప్రశ్న (ఎం.ఏ. విద్యార్థిని)

అందరికీ నమస్కారం. భాషాశాస్త్రం ఎం.ఏ. చివరి సంవత్సరంలో ఉన్నాను. ప్రాజెక్టుకి సైనిక నాయకుల ప్రసంగాల్లోని భావనాత్మక రూపకాలు తీసుకున్నాను. ఆధారం 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ చెప్పిన సిద్ధాంతం. రూపకం ఉత్త అలంకారం కాదు, ఒక విషయాన్ని ఇంకో విషయంగా ఆలోచించే తీరు అంటారు వాళ్లు. వాదన గురించి చెప్పాలంటే మనం యుద్ధం భాష ఎత్తుకుంటాం కదా, అలా.

ఎన్నికల ప్రసంగాలు తీసుకున్న క్లాస్‌మేట్లకి ఇబ్బంది లేదు. శంఖారావం, కంచుకోట, సమరం... అన్నీ యుద్ధం నుంచి అరువు తెచ్చుకున్న మాటలే. నా చిక్కు ఏంటంటే, సేనాధిపతి "దాడి" అంటే అది దాడే. "నడవండి" అంటే కాళ్లతో నడవమనే. సుభాష్ చంద్రబోస్ 1943 జులై 5న సింగపూర్‌లో సైనికుల ముందు "చలో ఢిల్లీ" అన్నారు. దాన్ని ప్రయాణ రూపకం కింద రాసుకున్నాను. కానీ ఢిల్లీ నిజంగా ఉన్న నగరం, ఆ సైనికులు నిజంగానే అటు వెళ్లాలి. మరి అది రూపకమా, కాదా?

ఏ ప్రసంగంలో ఏ రూపకం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కేసిన నా పట్టిక చూసి మా గైడ్ "లెక్క బాగుంది, ఇంతకీ దీన్నిబట్టి ఏం తెలిసింది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. వైవా దగ్గర పడుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఈ విషయమంటే నాకు ఇష్టం, వదులుకోలేను. ఎవరైనా దారి చూపిస్తారా?

జవాబు (ప్రసంగ విశ్లేషణ పాఠం చెప్పే టీచర్)

"చలో ఢిల్లీ"ని తీసేయకండి. ఒక మాట రూపకమో కాదో తేల్చడానికి మీరు 2007 నాటి ప్రాగ్లెజాజ్ అనే పరిశోధకుల బృందం పద్ధతి వాడుతుంటే, అది ఈ మాటని రూపకం కాదనే అంటుంది. మూలార్థం, సందర్భంలో అర్థం రెండూ ఒకటే కాబట్టి. కానీ విన్నవాళ్లకి ఢిల్లీ చేరడమంటే స్వాతంత్ర్యం రావడం. నేలమీది దారి, దేశం నడవాల్సిన దారి ఒక్కటైపోయాయి. ఆ మాట బలం అక్కడే ఉంది. ఇలాంటివాటికి పట్టికలో వేరే గడి పెట్టుకోండి. అదే ప్రసంగంలో ఎర్రకోటని బ్రిటిష్ సామ్రాజ్యానికి మరో శ్మశానం అన్నారు, అక్కడ విజయ కవాతు చేసేదాకా మన పని ముగియదన్నారు. అది నిఖార్సైన రూపకం. సామ్రాజ్యానికి ప్రాణం పోసి, దానికి చావుందని చెప్పడం.

ఇక మీ అసలు చిక్కు. రాజకీయ నాయకుడు యుద్ధం నుంచి మాటలు తెచ్చుకుంటాడు. యుద్ధం చేసేవాడు యుద్ధం గురించి చెప్పడానికి బయటికి వెళ్లాలి. ఎక్కడికి వెళ్తున్నాడో చూడండి. 1942 అక్టోబరులో ఈజిప్టులో ఎల్ అలమీన్ యుద్ధానికి ముందు బ్రిటిష్ సేనాధిపతి మాంట్‌గోమరీ తన సైన్యానికి పంపిన సందేశంలో శత్రువుని ఉత్తర ఆఫ్రికా అవతల పడేలా "సిక్స్" కొడదాం అన్నాడు. క్రికెట్‌కి వెళ్లాడు. ఇరాక్‌తో గల్ఫ్ యుద్ధం నడిపిన అమెరికా జనరల్ ష్వార్జ్‌కాఫ్ 1991 ఫిబ్రవరి 27న తన ఎత్తుగడని అమెరికన్ ఫుట్‌బాల్‌లోని "హెయిల్ మేరీ"తో పోల్చాడు. ఆ ఆటలో అది టైమ్ అయిపోతున్నప్పుడు దేవుడి మీద భారం వేసి విసిరే లాంగ్ పాస్. ఆయన చేసింది అది కానే కాదు. బలగాలని ముందే పడమటికి తరలించి, జాగ్రత్తగా ప్లాన్ చేసిన దాడి. ఆటగాళ్లంతా ఒక పక్కకి చేరి దూసుకెళ్లడం ఒక్కటే పోలింది. తెగింపు మాత్రం పోలికతోపాటు ఉచితంగా వచ్చింది. ప్రతి రూపకంలోనూ ఏది అతికింది, ఏది అతకలేదు అన్నది రాస్తే మీ గైడ్ అడిగినదానికి సగం జవాబు దొరుకుతుంది.

జవాబు (రిటైర్డ్ ఫౌజీ)

అమ్మా, నేను భాషాశాస్త్రం చదవలేదు. యూనిఫాంలో చాలా ఏళ్లు ఉన్నాను, ఇలాంటి ప్రసంగాలు విన్నాను, కుర్రాళ్లకి నేనూ ఇచ్చాను. అందుకే రాస్తున్నాను.

యుద్ధానికి ముందు ఇచ్చే ఆర్డర్‌కి ఒక వరస ఉంటుంది. పరిస్థితి, మిషన్, అమలు, సరఫరా, కమాండ్-సిగ్నల్. అందులో పోలికలు ఉండవు, ఉండకూడదు. ఏ గుట్ట, ఎన్ని గంటలకి, ఎవరు ఎటు నుంచి, అంతే. "ఉప్పెనలా విరుచుకుపడండి" అని ఆర్డర్ ఇస్తే ఏ సెక్షన్ ఎక్కడ ఉండాలో ఎవరికీ తెలీదు. పోలికలు ఆ తర్వాత వస్తాయి, కుర్రాళ్ల మొహాలు చూస్తూ మాట్లాడేటప్పుడు. "ఎలా" అన్నది ఆర్డర్‌లో అయిపోయింది. "ఎందుకు నేనే" అన్నది ఇంకా మిగిలి ఉంటుంది. ప్రసంగం దానికోసం.

నీకు ఒక జత చెప్తాను, పక్కపక్కన పెట్టి చూడు. 1944 జూన్ 6 నార్మండీ దాడికి మిత్రదేశాల సేనాధిపతి ఐసెన్‌హోవర్ సైనికులందరికీ పంచిన సందేశం ఒకటి. మీరు "మహా క్రూసేడ్"కి, అంటే ధర్మయుద్ధం లాంటిదానికి బయల్దేరుతున్నారు, ప్రపంచం కళ్లు మీ మీదే ఉన్నాయి, సముద్రపు పోటు మళ్లింది అంటాడు. రెండోది, దాడి విఫలమైతే ప్రకటించడానికి ముందే పెన్సిల్‌తో రాసి పర్సులో పెట్టుకున్న చీటీ. తారీఖు కూడా పొరపాటున జులై 5 అని పడింది. అందులో క్రూసేడ్ లేదు, పోటు లేదు. మనవాళ్లు అక్కడ నిలదొక్కుకోలేకపోయారు, దళాలని వెనక్కి రప్పించాను, సైనికులు, విమానదళం, నౌకాదళం చేయగలిగిందంతా చేశారు, తప్పేదైనా ఉంటే అది నా ఒక్కడిదే. అంతే.

మొదటి కాగితంలో పని చేసేది సముద్రం, చరిత్ర, దేవుడు. రెండోదాంట్లో "నేను". నేను ఆ రెండో కాగితాన్ని నమస్కారం పెట్టి చదువుతాను. రూపకం వచ్చిన ప్రతి వాక్యంలో ఆ పని చేసిన మనిషి కనబడుతున్నాడా లేదా, అది చూడమ్మా.

1991 జనవరి 23న, అదే గల్ఫ్ యుద్ధంలో, అమెరికా జనరల్ కోలిన్ పావెల్ ఇరాక్ సైన్యం గురించి విలేఖరులతో అన్నమాట కూడా చూడు. ముందు దాన్ని తెగ్గొడతాం, తర్వాత దాన్ని చంపేస్తాం అన్నాడు. "దాన్ని". వేల మంది కుర్రాళ్లు ఒక్క ప్రాణి అయిపోయారు. తెగ్గొట్టడమంటే సరఫరాలు ఆపడం, అది సైనిక భాషే. రెండో మాట మాత్రం నేను అటువైపు కుర్రాళ్లని తలుచుకోకుండా వినలేను.

విద్యార్థిని

సార్, ఆ చీటీ సంగతి నాకు తెలీదు, చాలా థాంక్స్. ఒక సందేహం. రూపకం అంటే మనిషిని దాచడమేనా? 1940 జూన్ 18న లండన్ నుంచి రేడియోలో ఫ్రెంచి జనరల్ డీగాల్ అన్నది ఉంది కదా, ఫ్రెంచి ప్రతిఘటన జ్వాల ఆరకూడదు, ఆరదు అని. అక్కడ ఏం దాచాడు?

జవాబు (టీచర్)

డీగాల్ విషయంలో మీరన్నదే కరెక్ట్, అందరినీ ఒకే గాటన కట్టలేం. ఆ రోజుకి ఆయన చేతిలో నేల లేదు, పెద్ద సైన్యం లేదు. గోడ అన్నా, కోట అన్నా నిలబడదు. జ్వాలకి స్థలం అక్కర్లేదు, చిన్నదైనా జ్వాలే, ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పిన రూపకం అది. పైగా దాదాపు చివరి వాక్యంలో వస్తుంది. దానికి ముందంతా ట్యాంకులు, విమానాలు, మిత్రదేశాల బలం, యంత్రబలంతో ఓడాం కాబట్టి అంతకు మించిన యంత్రబలంతో గెలుస్తామన్న సూటి తర్కం.

మన భారతంలో ఉద్యోగపర్వం కూడా ఒకసారి తీయండి. కర్ణుడు కృష్ణుడితో రాబోయే యుద్ధాన్ని యజ్ఞంగా వర్ణిస్తాడు. గాండీవం స్రుక్కు (హోమంలో నెయ్యి పోసే గరిటె), వీరుల పరాక్రమం ఆజ్యం (ఆ నెయ్యి). అంత వివరంగా అల్లిన యుద్ధ రూపకం నేను ఇంకోటి చదవలేదు. పైగా తన పక్షం ఓడుతుందని తెలిసినవాడు చెప్పినది. దాచడానికి కాదు, తన చావుకి ఒక స్థానం చూసుకోవడానికి. సైన్యం ముందు చేసిన ప్రసంగం కాదు కాబట్టి ప్రాజెక్టులోకి తేకండి, మీ ఆలోచనకి మాత్రం పనికొస్తుంది.

జవాబు (రిటైర్డ్ ఫౌజీ)

టీచర్ గారు చెప్పింది ఒప్పుకుంటాను. ఇంకో జత చెప్పి ఆపేస్తాను. 1944లో బర్మాలో నేతాజీ, నాకు రక్తమివ్వండి, నేను మీకు స్వాతంత్ర్యమిస్తాను అన్నారు. 1945 జూన్ 12న లండన్ గిల్డ్‌హాల్‌లో ఐసెన్‌హోవర్, అనుచరుల రక్తంతో సంపాదించిన కీర్తి అందుకునేవాడికి వినయమే తగినది అన్నాడు. రెండు చోట్లా రక్తం చెల్లింపే. ఒకటి యుద్ధం మధ్యలో అడిగినది, ఇంకోటి ముగిశాక అప్పు ఒప్పుకున్నది. ఎవరు చెల్లిస్తున్నారు, ఎవరికి ముడుతోంది, ఎప్పుడు మాట్లాడుతున్నారు అని మూడు గడులు పెట్టుకోమ్మా. నేతాజీ పక్కన ఇంకోటి కూడా రాసుకో. సింగపూర్‌లో అదే సైన్యానికి, ప్రస్తుతానికి నేను మీకు ఇవ్వగలిగింది ఆకలి, దప్పిక, కష్టాలు, బలవంతపు నడకలు, చావు మాత్రమే అని పోలిక లేకుండా చెప్పారు. ఆ వాక్యం నీ రూపకాల పట్టికలో పడదు, దాన్ని మాత్రం వదలొద్దు.