ఏడాదికి 1,770 కట్టే బ్యాంకు ఖాతా తీసుకోవచ్చా?

నమస్తే అండి. మాది అనంతపురం, పాతూరులో చిన్న బట్టల అంగడి. నా సేవింగ్స్ ఖాతాను పెద్ద రకానికి మార్చుకోమని బ్యాంకువాళ్లు వారం నుంచి అడుగుతున్నారు. ఏడాదికి 1,500, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 1,770 రూపాయలు. 10 లక్షల ప్రమాద బీమా, లాకర్ అద్దెలో పావు వంతు తగ్గింపు, విమానాశ్రయంలో లాంజ్ ఇస్తారంట.

లాంజ్ మాకు పనికిరాదు, సరుకుకు బెంగళూరు పోయేది రాత్రి బస్సులో. లాకర్ మాత్రం కావాల. మా అమ్మ నగలు ఇంకా బీరువాలో, పాత పంచెలో మూట కట్టి ఉన్నాయి. అంగట్లో కూచున్నా మనసంతా ఇంటి మీదే. అద్దె 3,000 అంటే ఆ తగ్గింపుతో ఏడాదికి మాకు మిగిలేది 750.

బీమా దగ్గరే ఆగిపోయినా. ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు కడుతూనే ఉన్నా, దాంట్లో 2 లక్షలు వస్తుంది. వీళ్లది 10 లక్షలు నిజమే, కానీ కాగితం అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ‘గత 90 రోజుల్లో కార్డు వాడి ఉండాలి’ అని ఉంది. నేను అన్నీ యూపీఐలోనే కడతా. అది కార్డు వాడినట్టు లెక్కలోకి వస్తుందా? ఇట్లాంటి ఖాతాలో క్లెయిమ్ డబ్బు నిజంగా చేతికి అందినవాళ్లు ఉన్నారా? వద్దనుకుంటే మళ్లీ మామూలు ఖాతాకు మారుస్తారా? శనివారం లోపల వాళ్లకు చెప్పాల. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.