పేరు, ఊరు, ఏడు కలిస్తే చాలా? ఇంగ్లండ్ పాత పారిష్ రిజిస్టర్లను ఎంతవరకు నమ్మొచ్చు?

లెస్టర్ కోడలు:

అందరికీ నమస్కారం. పన్నెండేళ్లుగా లెస్టర్‌లో ఉంటున్నాను. మావారు ఇక్కడి ఇంగ్లిష్ ఆయన. నా వైపు ఐదు తరాల పేర్లు మా పెదనాన్న గుక్క తిప్పుకోకుండా చెప్తారు. మావారి వైపు అలా చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. అందుకని అత్తగారి డెబ్బయ్యో పుట్టినరోజుకి వంశవృక్షం గీయించి ఫ్రేము కట్టిద్దామని పనిలో దిగాను.

1837 జులై 1 నుంచి ఇంగ్లండ్‌లో జనన మరణాలను, పెళ్లిళ్లను ప్రభుత్వమే నమోదు చేస్తోంది. అక్కడిదాకా నల్లేరు మీద బండి నడకే. అంతకు ముందు కావాలంటే పారిష్ (ఒక చర్చి కింద ఉండే ఊరు) రిజిస్టర్లే, అంటే ఊరి చర్చిలో పాదిరి రాసిన పుస్తకాలే దిక్కు.

మావారి వంశంలో నేను పట్టుకున్న చివరి మనిషి జాన్. లెస్టర్‌షైర్ పల్లెలో మగ్గం మీద మేజోళ్లు అల్లేవాడు. 1793లో ఊరి చర్చిలోనే పెళ్లయింది. చదువు రాదు, సంతకం చోట ఇంటూ గుర్తు పెట్టాడు. 1841 జనాభా లెక్కల్లో వయసు 70. 1843లో పోయాడు, మరణ ధ్రువపత్రంలో 74 అని ఉంది. అంటే 1769 ప్రాంతంలో పుట్టి ఉండాలి. సరిగ్గా ఆ ఊరి రిజిస్టర్‌లోనే 1769లో "విలియం, మేరీల కొడుకు జాన్" అని బాప్తిస్మం దొరికింది. ఇంటిపేరు అదే, ఊరు అదే. ఆ పేరుతో ఇంకెవరూ లేరు.

నేను విలియం, మేరీలను చెట్టులో ఎక్కించేశాను. మా ఆడపడుచు మాత్రం "ఇది రుజువు కాదు వదినా" అంటోంది. ఇంతకన్నా ఏం కావాలి? మీరే చెప్పండి.

పాత దస్త్రం:

అక్కా, మీ ఆడపడుచు మాటే నిజం. ఆ బాప్తిస్మం జరిగింది, అందులో అనుమానం లేదు. కానీ 1793లో పెళ్లి చేసుకున్నవాడు ఆ పిల్లాడే అని ఏ కాగితం చెప్పింది? ఆ కాలం పెళ్లి నమోదులో వధూవరుల పేర్లు, సంతకాలు, సాక్షులు ఉంటారు. తండ్రి పేరు ఉండదు. అది 1837 తర్వాతే వచ్చింది. కాబట్టి ఆ బాప్తిస్మానికీ ఈ పెళ్లికీ మధ్య ముడి వేసింది మీరే, రిజిస్టర్ కాదు.

రెండు ప్రశ్నలు. మీరు చూసింది అసలు పేజీ ఫొటోనా, వెబ్‌సైట్‌లో ఎవరో టైపు చేసిన ఇండెక్సా? భూస్థాపనల పుస్తకం తిరగేశారా? ఆ రోజుల్లో పసిపిల్లలు ఎందరు పోయేవారో తెలిసిందే. బాప్తిస్మం దొరకగానే చెట్టు గీసేవాళ్లు చాలామంది ఆ రెండో పుస్తకం తెరవరు.

గుంటూరు మాస్టారు:

అమ్మాయీ, నువ్వు చేసింది సబబే. దీనికి కోర్టులో అడిగినట్టు రుజువులు అడిగితే పేదవాడి వంశం ఒక్కటీ నిలబడదు.

ఈ రిజిస్టర్లు ఎక్కడినుంచి వచ్చాయో చూడండి. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఉత్తర్వు వేశాడు. ప్రతి పారిష్‌లోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు ఆదివారం ఆదివారం పుస్తకంలో ఎక్కించాలి, ఆ పుస్తకం తాళాలు వేసిన పెట్టెలో ఉండాలి అని. జమీందారుకి దస్తావేజులున్నాయి, వీలునామాలున్నాయి. మేజోళ్లు అల్లేవాడికి ఏముంది? పుట్టినప్పుడొక వరుస, పెళ్లికొక వరుస, పోయినప్పుడొక వరుస. మూడు వరుసల్లో మనిషి జీవితం. కేంబ్రిడ్జి పరిశోధకులు 404 పారిష్‌ల రిజిస్టర్లు లెక్కగట్టి, 1541 నుంచి ఇంగ్లండ్ జనాభా ఎలా పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో చెప్పారు. దేశం మొత్తానికి పనికొచ్చిన పుస్తకాలు ఒక్క కుటుంబానికి పనికిరావా?

మన తద్దినాల్లో తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్తాం. వాటికి ఎవరైనా కాగితం అడిగారా? ఊరు, పేరు, ఏడు మూడూ కలిశాక కూడా కోడిగుడ్డుకి ఈకలు పీకడం ఎందుకు?

పాత దస్త్రం:

మాస్టారూ, మీరంటే గౌరవమే కానీ ఇక్కడ ఒప్పుకోలేను. జనాభా లెక్కకి ఒక జాన్ బదులు ఇంకో జాన్‌ని వేసినా మొత్తం మారదు. వంశవృక్షంలో అదే జరిగితే పైనున్న కొమ్మంతా పరాయివాళ్లది అవుతుంది. తద్దినంలో ముత్తాత పేరు ఆయన్ని చూసినవాళ్ల నోటినుంచి వచ్చింది. ఇక్కడ 250 ఏళ్ల తర్వాత, ఆ ఊరు ఎరగని మనం కలుపుతున్నాం.

అందరికీ తెలిసిన మనిషినే తీసుకుందాం. షేక్‌స్పియర్ బాప్తిస్మం 1564 ఏప్రిల్ 26న జరిగినట్టు స్ట్రాట్‌ఫర్డ్ హోలీ ట్రినిటీ చర్చి రిజిస్టర్‌లో లాటిన్‌లో ఉంది. ఏప్రిల్ 23న పుట్టాడనేది ఊహ మాత్రమే, రిజిస్టర్‌లో పుట్టిన తేదీ లేదు. పైగా ఆ పేజీ 1564లో రాసింది కాదు. పాత కాగితం పుస్తకాలన్నీ తోలు మీదకి ఎక్కించమని, ముఖ్యంగా ఎలిజబెత్ రాణి గద్దెనెక్కిన 1558 నుంచైనా ఎక్కించమని 1598లో ఉత్తర్వు వచ్చింది. స్ట్రాట్‌ఫర్డ్ వాళ్లు 1600లో నకలు తీశారు. అందుకే ఆ పుస్తకం 1558తో మొదలవుతుంది. చాలా ఊళ్లలో అంతే, ముందు ఇరవై ఏళ్లు పోయాయి.

ఇక ఆయన పెళ్లి. 1582 నవంబర్ 27న వూస్టర్ బిషప్ గారి పుస్తకంలో లైసెన్సు రాసినాయన వధువు పేరు "ఆన్ వేట్లీ, టెంపుల్ గ్రాఫ్టన్" అని రాశాడు. మర్నాడు రాసిన పూచీకత్తు పత్రంలో "ఆన్ హాథవే, స్ట్రాట్‌ఫర్డ్" అని ఉంది. ఆ రెండో కాగితం పోయి ఉంటే మనందరం ఇవాళ వేట్లీ అనే చదువుకునేవాళ్లం. ఆయన కవల పిల్లలకి ఫిబ్రవరి 2న బాప్తిస్మం అయితే రిజిస్టర్ 1584 అంటుంది, మన లెక్కలో అది 1585. 1752 దాకా ఇంగ్లండ్‌లో చర్చికీ చట్టానికీ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది మరి. ఇది తెలియక పెళ్లికి ముందే పిల్లలు పుట్టారని రాసుకున్న చెట్లు నేను చూశాను.

నెల్లూరు నుంచి:

నేను కలగజేసుకోవచ్చా? మేం మూడు తరాలుగా బాప్టిస్టులం. లెస్టర్‌షైర్ అనగానే నాకు ఆగలేదు.

పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వడం మా సంఘాల్లో లేదు. ఎదిగి, విశ్వసించి, నీళ్లలో మునిగితేనే. 18వ శతాబ్దంలో లెస్టర్‌షైర్ పల్లెల్లో బాప్టిస్టులు బాగా పెరిగారు. బార్టన్ ఇన్ ది బీన్స్ అనే చిన్న ఊరు వాళ్లకి పెద్ద కేంద్రం. లెస్టర్‌లోనే విలియం కేరీ బాప్టిస్టు పాస్టరుగా ఉండి, మీ జాన్ పెళ్లి చేసుకున్న 1793లోనే మన దేశానికి ఓడెక్కారు. తర్వాత శ్రీరాంపూర్‌లో తెలుగు వ్యాకరణం అచ్చువేసినది ఆయనే.

చెప్పొచ్చేదేమిటంటే, 1754 మార్చి నుంచి అమల్లోకి వచ్చిన హార్డ్‌విక్ చట్టం వల్ల క్వేకర్లు అనే చిన్న క్రైస్తవ శాఖవాళ్లు, యూదులు తప్ప అందరూ ఊరి ఆంగ్లికన్ (ఇంగ్లండ్ అధికారిక) చర్చిలోనే పెళ్లి చేసుకోవాలి. బాప్టిస్టులకీ తప్పలేదు. కాబట్టి ఆ చర్చిలో పెళ్లయింది కనుక అదే చర్చిలో బాప్తిస్మం అయి ఉంటుంది అనుకోవడం పొరపాటు. అసలు జాన్ ఏ పాదిరి పుస్తకంలోనూ ఎక్కని పిల్లాడై ఉండొచ్చు. అలాంటి సంఘాల రిజిస్టర్లను 1837 తర్వాత ప్రభుత్వం సేకరించింది, ఇప్పుడు లండన్‌లో క్యూ అనేచోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. అక్కడ కూడా వెతకండమ్మా.

సికింద్రాబాద్ వాడిని:

నేను మాస్టారి పక్షం. మా అమ్మమ్మ వైపు వాళ్లు ఆంగ్లో ఇండియన్లు. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నమోదులకి నకళ్లు తీసి లండన్‌కి పంపేవాళ్లు, అవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. మా ముత్తవ్వ తల్లి బాప్తిస్మం అందులో దొరికింది. తండ్రి పేరు, రెజిమెంటు, హోదా అన్నీ వివరంగా ఉన్నాయి. తల్లి పేరు చోట "మేరీ" అని ఒక్క ముక్క. ఆవిడ తెలుగు మనిషి అని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. అసలు పేరేమిటో, ఏ ఊరో, ఎవరి బిడ్డో రాయాలని ఆ పాదిరికి తోచలేదు.

దానికి రెండో సాక్ష్యం ఎక్కడ తేను? ఆ ఒక్క ముక్కే మాకు మిగిలింది. నమ్ముతున్నాను. పాత దస్త్రం గారు చెప్పినట్టు అన్నీ కలిసేదాకా ఆగాలంటే, ఎవరి పేర్లు సగం రాశారో వాళ్లే మళ్లీ మాయమైపోతారు.

పాత దస్త్రం:

అన్నా, మీ మాట మనసుకి తగిలింది. కానీ మీ కేసు వేరు. మీ దగ్గర తల్లిదండ్రుల పేర్లు ఆ వరుసలోనే ఉన్నాయి, మీరు రెండు వరుసల మధ్య ముడి వేయలేదు. తక్కువ రాసినదాన్ని నమ్మడం ఒకటి, రాయనిదాన్ని కలపడం ఇంకొకటి.

లెస్టర్ కోడలు:

ఇవాళ పేజీలు చూశాను. నేను అదివరకు చూసింది ఇండెక్సే.

బాప్తిస్మం పేజీ ఉంది. గోధుమరంగు సిరా, వరుసలు కొంచెం కిందకి జారుతున్నట్టు. భూస్థాపనల పేజీలు తిప్పుతూ పోయాను. 1770 మార్చిలో, ఒక వితంతువు పేరుకి, ఇంకో శిశువు పేరుకి మధ్య ఉంది. "జాన్, విలియం, మేరీల కొడుకు." అంతే. వయసు రాయలేదు, 1813లో అచ్చు ఫారాలు వచ్చేదాకా వయసు రాయాలన్న నియమం లేదట. ఆ వరుస దగ్గర చాలాసేపు ఉండిపోయాను. ఏడాది కూడా నిండని పిల్లాడిని నేను మేజోళ్ల మగ్గం దగ్గర కూర్చోబెట్టి, పెళ్లి చేసి, 74 ఏళ్లు బతికించాను.

గుంటూరు మాస్టారు:

అయ్యో తల్లీ. అయినా నేను విలియం, మేరీలను వదలను. పోయిన బిడ్డ పేరే తర్వాత పుట్టినవాడికి పెట్టుకోవడం వాళ్లలో మామూలే. 1841 లెక్కల్లో పెద్దవాళ్ల వయసు ఐదుకి దించి రాసేవాళ్లు కదా, అక్కడి 70 అంటే 70 నుంచి 74 దాకా ఏదైనా కావచ్చు. మరణ పత్రంలో వయసు చెప్పింది ఇంకెవరో, ఆయన కాదు. 1771 చూడు.

పాత దస్త్రం:

ఈ మాట మాత్రం మాస్టారు సరిగ్గా చెప్పారు. అక్కా, రిజిస్టర్‌తో పాటు బిషప్‌కి ఏటా పంపిన నకళ్లు కూడా చూడండి. 1598 ఉత్తర్వులోనే ఆ ఏర్పాటు ఉంది. ఒకదాంట్లో తప్పిపోయింది ఇంకోదాంట్లో దొరుకుతుంది. పేదవాళ్లు ఊరు మారినప్పుడు ఏ పారిష్ వాళ్లని పోషించాలో తేల్చడానికి విచారణ చేసి రాసిన కాగితాలుంటాయి. మనిషి ఎక్కడ పుట్టాడో అతని నోటిమాటగా దొరికేది అందులోనే.

లెస్టర్ కోడలు:

1770 నుంచి 1778 దాకా చూశాను మాస్టారూ. విలియం, మేరీలకి ఇద్దరు ఆడపిల్లలు, ఆన్, సారా. 1771 చివర పేజీ కింది మూల తడికి పాడైంది, నాలుగు వరుసలు చదవడానికి లేవు. బిషప్ నకళ్ల కోసం గురువారానికి కౌంటీ రికార్డ్ ఆఫీసులో టేబుల్ బుక్ చేసుకున్నాను.

ఫ్రేము ఆపేశాను. జాన్ పైన గడి ఖాళీగా ఉంచాను. అత్తగారికి ఫోన్ చేసి జరిగింది చెప్తే, ఆవిడ ముందు అడిగింది తన పూర్వీకుడి గురించి కాదు. "ఆ పసివాడిని పూడ్చిన చోటు ఆ చర్చి ఆవరణలోనేనా?" అని. అవునన్నాను. శనివారం ఇద్దరం ఆ ఊరు వెళ్తున్నాం.